బడి వర్క్‌షాప్‌లో వెల్డింగ్: మొదటి బీడ్ నుంచి మొదటి స్టూలు దాకా

వెల్డింగ్ నేర్చుకునే హైస్కూలు విద్యార్థికి, పనిలో దిగిన వెల్డర్‌కు లేని వెసులుబాటు ఒకటి ఉంది: చేసినదాన్ని విరగ్గొట్టి చూసుకోవచ్చు. పనిలో వేసిన అతుకు గేటుకో ట్రాలీకో వెళ్లిపోతుంది, దాని లోపల ఏముందో ఎవరూ చూడరు. బడిలో వేసిన అతుకును వైస్‌లో బిగించి, సుత్తితో కొట్టి, తెరిచి చదవొచ్చు. పైకి వరసగా అలలు తేలి అందంగా ఉన్న బీడ్ (కరిగిన లోహం గడ్డకట్టిన గీత) కింద రెండు ముక్కలు అసలు కలవకుండానే ఉండొచ్చు. ఈ తేడా కంటికి పట్టుబడాలంటే విరగ్గొట్టడమే దారి. కింద చెప్పిన వరస అంతా దాని చుట్టూ అల్లినదే.

ముందుగా ఒంటికి, కంటికి

ఒంటి మీద నూలు బట్టలు లేదా తోలు ఉండాలి. పాలిస్టర్ నిప్పురవ్వ పడగానే కరిగి చర్మానికి అంటుకుపోతుంది. ప్యాంటు బూట్ల మీదికి రావాలి, బూట్లలోకి దోపకూడదు. ప్యాంటు అంచును పైకి మడిస్తే ఆ మడతలో రవ్వ పడి కూర్చుంటుంది. జేబులో లైటర్ అసలు ఉండకూడదు. తోలు చేతి తొడుగులు వెల్డింగ్‌కు తప్పనిసరి. డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర మాత్రం వాటిని తీసేయాలి, తిరిగే బిట్ తొడుగును పట్టుకుంటే వేలిని కూడా లాక్కుపోతుంది.

హెల్మెట్ అద్దం 60 నుంచి 160 ఆంపియర్ల మధ్య పనికి 10వ నంబర్ షేడ్ (నలుపు స్థాయి) ఉంటే సరిపోతుంది. హెల్మెట్ లోపల మామూలు రక్షణ కళ్లద్దాలు కూడా పెట్టుకోవాలి. ఎందుకంటే ఎక్కువమందికి కంట్లో పడేది ఆర్క్ (వెల్డింగ్ రాడ్డుకూ ఇనుముకూ మధ్య వెలిగే కరెంట్ మంట) వెలుగు కాదు, స్లాగ్ (బీడ్ మీద పేరుకునే చిట్టెం) కొట్టేటప్పుడు ఎగిరే పెంకు. ఆర్క్‌ను ఒట్టి కంటితో చూస్తే నొప్పి అప్పటికప్పుడు రాదు. 6 నుంచి 12 గంటల తర్వాత, రాత్రి నిద్రలో, కళ్లలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. "నాకేం కాలేదు" అని మధ్యాహ్నం అన్న విద్యార్థి రాత్రికి కళ్లు తెరవలేడు. పక్కవాళ్లకు కూడా ఇదే జరుగుతుంది కాబట్టి ఆర్క్ కొట్టే ముందు గట్టిగా "కళ్లు!" అని అరవడం అలవాటు చేసుకోండి. బూత్ తెరలు మూసి ఉంచండి.

ప్రాణాల మీదికి తెచ్చేవి నాలుగున్నాయి, వీటిలో బేరాలు లేవు.

జింకు పూత ఉన్న ఇనుమును పూత గీకకుండా వెల్డ్ చేస్తే తెల్లటి పొగ వస్తుంది, అది పీల్చినవాళ్లకు కొన్ని గంటల తర్వాత చలిజ్వరం పట్టుకుంటుంది. క్లోరిన్ కలిసిన క్లీనర్‌తో తుడిచిన ఇనుము మీద ఆర్క్ కొడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది, అందుకని తుడవడానికి అసిటోన్ వాడి, పూర్తిగా ఆరాకే పని మొదలుపెట్టాలి. మూసి ఉన్న డబ్బా, డ్రమ్ము, రెండు చివరలా మూసిన పైపు వేడికి పేలిపోతాయి. ఒకప్పుడు పెట్రోలో నూనెలో ఉన్న డ్రమ్ము ఖాళీగా ఉన్నా ముట్టుకోకండి. నాలుగోది తడి: చెమటతో తడిసిన తొడుగులు, తడి నేల. మెషిన్ ఆన్‌లో ఉండి ఆర్క్ లేనప్పుడు రాడ్డుకూ జాబ్‌కూ (వెల్డ్ చేసే ముక్కకూ) మధ్య 50 నుంచి 80 వోల్టులు ఉంటాయి, తడి ఒంటికి అది చాలు.

వేడి ఇనుము ఎర్రగా ఉంటుందనుకోవడం కొత్తవాళ్ల పొరపాటు. 400 డిగ్రీల ముక్క కూడా పగటి వెలుతురులో నల్లగా, చల్లగా ఉన్న ముక్కలాగే కనిపిస్తుంది. పట్టుకునే ముందు చేతి వెనక వైపును ఒక జానెడు దూరంలో ఆనించకుండా పెట్టి చూడండి. బల్ల మీద వదిలి వెళ్లేటప్పుడు చాక్‌తో "వేడి" అని రాయండి. పని ఆపాక కనీసం 30 నిమిషాలు ఎవరో ఒకరు అక్కడే ఉండి మూలల్లో రవ్వలు రాజుకుంటున్నాయేమో చూడాలి.

కొలత, కోత: సగం వెల్డింగ్ ఇక్కడే

సందు లేకుండా కూర్చిన జాయింట్‌ను కొత్తవాడు కూడా వెల్డ్ చేయగలడు. 4 మి.మీ. సందున్న జాయింట్ చేయి తిరిగినవాడినీ ఏడిపిస్తుంది. కాబట్టి మొదటి రెండు వారాలు రాడ్డు హోల్డర్ పట్టకుండా కొలతా కోతా నేర్పితే బడి మీద విసుక్కోకండి.

టేపు కొనన ఉండే కొక్కెం కాస్త కదులుతుంది. అది వదులైపోయి కాదు, దాని మందం మేరకు కదిలేలా కావాలనే చేస్తారు. లాగి కొలిచినా ఆనించి కొలిచినా అంకె సరిగ్గా రావడానికే ఆ ఏర్పాటు. కొక్కెం వంగిపోయిన టేపు అయితే 100 మి.మీ. గుర్తు నుంచి మొదలుపెట్టి కొలిచి, చివర్లో 100 తీసేయండి. ఆ 100 తీసేయడం మర్చిపోయి ముక్కలు పాడుచేసుకోవడం మామూలే, అందుకని కొలతను పైకి చెప్పి రాసుకోండి.

చాక్ గీత 2 నుంచి 3 మి.మీ. లావు ఉంటుంది. గీతకు ఏ పక్కన కోయాలో చెప్పని గీత గీయనట్టే. స్క్రైబర్‌తో సన్నగా గీసి, వ్యర్థమయ్యే వైపు ఒక ఇంటూ గుర్తు పెట్టండి. కటింగ్ వీల్ కూడా కొంత ఇనుమును పొడి చేసి తింటుంది: చేతి గ్రైండర్ సన్న వీల్ 1 నుంచి 1.5 మి.మీ., చాప్‌సా వీల్ దాదాపు 3 మి.మీ. ఒకే పొడవు ముక్కలు నాలుగు కావాలంటే నాలుగుసార్లు కొలవకండి. మెషిన్‌కు ఒక ఆపుడు ముక్క బిగించి, దానికి ఆనించి నాలుగూ కోయండి. అప్పుడు కొలతలో తప్పు వచ్చినా నాలుగింటికీ ఒకే తప్పు వస్తుంది, ఫ్రేమ్ చతురస్రంగానే ఉంటుంది.

గ్రైండర్ వీల్ మీద రాసి ఉన్న చుట్ల వేగం గ్రైండర్ వేగం కంటే ఎక్కువ ఉండాలి. గార్డ్ తీసిన గ్రైండర్‌ను ముట్టుకోకండి. కటింగ్ వీల్ అంచుతోనే కోస్తుంది, దాని చదునైన పక్కతో రుద్దితే పగిలి ముక్కలు ఎగురుతాయి. రంధ్రం వేసే ముందు సెంటర్ పంచ్ కొట్టకపోతే బిట్ జారి తిరుగుతుంది. 10 మి.మీ. బిట్‌కు మెత్తటి ఉక్కులో నిమిషానికి 800 చుట్లు చాలు, 5 మి.మీ. బిట్‌కు దానికి రెట్టింపు. బిట్ కీచుమంటుంటే వేగం ఎక్కువైనట్టు, లేదా మొన అరిగినట్టు.

కోశాక అంచుల పొక్కులు ఆకురాయితో తీసి, వెల్డ్ పడే చోట రెండు వైపులా 20 మి.మీ. మేర మెరిసేదాకా గీకాలి. తుప్పు, రంగు, నూనె అన్నీ వేడికి వాయువులై కరిగిన ఇనుములో బుడగలుగా చిక్కుకుంటాయి.

మొదటి ఆర్క్, మొదటి బీడ్

మొదట మిగ్ మెషిన్ (తీగను, వాయువును తనంతట తానే అందించేది) కాకుండా రాడ్డు వెల్డింగే నేర్చుకోవాలని మా గట్టి అభిప్రాయం. మిగ్‌తో రెండో రోజుకే చూడముచ్చటైన బీడ్ వస్తుంది, అదే దాని ప్రమాదం. రాడ్డు మీ తప్పును వెంటనే చూపిస్తుంది.

6 మి.మీ. మందం, 150 × 100 మి.మీ. కొలత ఉన్న ప్లేటు తీసుకోండి. 3.15 మి.మీ. 6013 రాడ్డు పెట్టి, కరెంట్ 110 ఆంపియర్ల దగ్గర ఉంచండి. ఈ రాడ్డు 90 నుంచి 130 దాకా నడుస్తుంది, 2.5 మి.మీ. రాడ్డయితే 60 నుంచి 90. రాడ్డు నంబరులో మొదటి 60 అంటే దాని వెల్డ్ లోహం చదరపు అంగుళానికి 60,000 పౌండ్ల లాగుడు తట్టుకుంటుందని, 1 అంటే అన్ని భంగిమల్లో పనికొస్తుందని, చివరి అంకె పూత రకాన్ని, ఏ కరెంట్‌కు పనికొస్తుందో చెబుతుందని గుర్తుంచుకోండి. 6013 ఏసీలో, డీసీలో రెండింటిలో పనిచేస్తుంది. 7018 వేరు: దాని పూతకు తేమ పడదు. ప్యాకెట్ విప్పాక 120 నుంచి 150 డిగ్రీల ఓవెన్‌లో ఉంచాల్సిందే, తేమ పట్టినది వాడితే వెల్డ్ చల్లారాక పగుళ్లు రావచ్చు.

ఎర్త్ క్లాంప్ (కరెంట్ మెషిన్‌కు తిరిగి వెళ్లే తీగ పట్టు) శుభ్రమైన ఇనుముకే పట్టాలి. రంగు మీదో తుప్పు మీదో పడితే ఆర్క్ వణుకుతుంది, విద్యార్థి తన చేయి వణుకుతోందనుకుంటాడు.

రాడ్డు కొనను అగ్గిపుల్ల గీసినట్టు గీకి, వెలగగానే 3 మి.మీ. పైకెత్తి ఆపండి. ఆర్క్ పొడవు రాడ్డు లోపలి తీగ మందమంత, అంతకు మించకూడదు. రాడ్డు అతుక్కుపోతే లాగకండి, మణికట్టు పక్కకు విరిచినట్టు తిప్పండి. అయినా రాకపోతే హోల్డర్ పిడి నొక్కి రాడ్డును వదిలేయండి. ఈలోగా హెల్మెట్ ఎత్తకూడదు, విడిపోయేటప్పుడు మళ్లీ ఆర్క్ మెరుస్తుంది.

ప్లేటు మీద 12 మి.మీ. ఎడంతో గీతలు గీసి, ఒక్కో గీత మీద ఒక్కో బీడ్ వేయండి. రాడ్డు పక్కలకు వాలకుండా నిటారుగా, మీరు వెళ్లే దిక్కుకు 10 నుంచి 15 డిగ్రీలు వంగి ఉండాలి. 350 మి.మీ. రాడ్డు సుమారు ఒక నిమిషంలో కరిగిపోతుంది. కరుగుతున్న కొద్దీ చేయి కిందికి దిగుతూ, అదే సమయంలో ముందుకు జరుగుతూ ఉండాలి. కొత్తవాళ్లు ముందుకు జరుగుతారు కానీ కిందికి దిగడం మర్చిపోతారు. అందుకే బీడ్ మొదట్లో బాగుండి, సగం దాటాక వెడల్పై, చుట్టూ చిటుకులు పడతాయి. కుర్చీకో బల్లకో మోచేయి ఆనించండి, రెండో చేతిని హోల్డర్ చేతికి ఆసరాగా పెట్టండి.

ఎక్కడ చూడాలన్నదే అసలు ప్రశ్న. మెరిసే ఆర్క్‌ను కాదు, దాని వెనక ఉన్న కరిగిన మడుగును చూడాలి. అద్దంలోంచి ఆ మడుగు నునుపుగా, నూనె చుక్కలా మెరుస్తూ ఉంటుంది. దాని వెనక గుంపుగా నురగలా కదిలేది స్లాగ్, అంటే చిట్టెం. మడుగు వెనక అంచు గుండ్రంగా గడ్డకడుతూ పోతుంది. ఆ వెడల్పు రాడ్డు మందానికి రెండు, రెండున్నర రెట్లు ఉండేలా నడక వేగం సర్దుకోండి. మడుగునూ స్లాగ్‌నూ విడివిడిగా చూడగలిగిన రోజు మీకు వెల్డింగ్ మొదలైనట్టు. కొందరికి ఇది మూడు రోజుల్లో వస్తుంది, కొందరికి ఇరవై ప్లేట్లు పడుతుంది.

స్లాగ్ కొట్టి, వైర్ బ్రష్‌తో రుద్ది, బీడ్‌ను ఇలా చదవండి. ఎత్తుగా తాడులా పైన పడుకుని, రాడ్డు మాటిమాటికీ అతుక్కుంటుంటే కరెంట్ తక్కువ. బీడ్ చదునుగా ఉండి, అంచుల వెంట సన్నటి కాలవ పడితే, రాడ్డు సగం కాలేసరికి ఎర్రబడుతుంటే కరెంట్ ఎక్కువ. ఆ కాలవే అండర్‌కట్, పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. చుట్టూ గుండ్లు గుండ్లుగా చిటుకులు, అక్కడక్కడ బెజ్జాలు ఉంటే ఆర్క్ పొడవైంది. అలలు మొనదేలి బాణం కొనల్లా ఉంటే నడక వేగం ఎక్కువ.

ఒకసారికి ఒక్కటే మార్చండి. కరెంటూ వేగమూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఒక నోట్‌బుక్‌లో ప్లేటు మందం, రాడ్డు, ఆంపియర్లు, ఏం కనిపించింది అన్న నాలుగు మాటలు రాసి, అదే నంబరును ప్లేటు మీద చాక్‌తో వేయండి. వరసగా పది బీడ్‌లు ఒకే వెడల్పుతో, తిన్నగా వచ్చేదాకా తర్వాతి అడుగు వేయకండి.

పీరియడ్ 45 నిమిషాలే అయితే 10 సర్దుకోవడానికి, 10 ఊడ్చడానికి పోతాయి. మిగిలిన 25లో ఆర్క్ వెలిగేది బహుశా ఎనిమిది, పది నిమిషాలే. అందుకని ముక్కలు ముందు రోజే కోసి, గీకి పెట్టుకోవడం పెద్ద లాభం.

టీ జాయింట్, సుత్తి పరీక్ష

6 మి.మీ. ప్లేటు మీద ఇంకో 6 మి.మీ. ప్లేటును నిలబెట్టి, రెండు చివరలా పాయింట్లు (ముక్కలు కదలకుండా పట్టే చిన్న చుక్క వెల్డ్‌లు) పెట్టండి. రాడ్డు మూలకు 45 డిగ్రీల్లో ఉండాలి. కరెంట్ 5 నుంచి 10 ఆంపియర్లు పెంచండి, వేడి ఇక్కడ మూడు వైపులకు పోతుంది. అతుకు కాలి కొలత (మూల నుంచి ఒక్కో ప్లేటు మీద అతుకు పాకిన దూరం) 5 మి.మీ. చాలు. ఎక్కువ వేస్తే బలం అనుకోవడం సరికాదు: 6 మి.మీ. కాలిని 8 చేస్తే బలం మూడో వంతు పెరుగుతుంది, లోహం మాత్రం 78 శాతం ఎక్కువ పడుతుంది. ఆ అదనపు వేడికి ముక్క వంకర పోతుంది.

ఒక్క వైపే 100 మి.మీ. పొడవున వెల్డ్ చేసి, దానంతట అదే చల్లారనివ్వండి. తర్వాత అడుగు ప్లేటు బిగించి, నిలబడ్డ ప్లేటును వెల్డ్ ఉన్న వైపుకే వంగేలా పెద్ద సుత్తితో కొట్టండి. అలా కొడితే వెనక సందు తెరుచుకుని, లాగుడంతా మూల మీదే పడుతుంది. విరిగితే లోపలికి చూడండి. మూల వరకూ బూడిదరంగు గరుకు లోహం కనిపిస్తే కలిసినట్టు. మూలలో నిలబడ్డ ప్లేటు అడుగంచు మీద, మీరు కోసినప్పుడు పడిన వీల్ గీతలు అలాగే చెక్కుచెదరకుండా కనిపిస్తే అక్కడ ఇనుము కరగనే లేదు, పైన వంతెన కట్టారంతే. నల్లటి గాజులాంటి గీత కనిపిస్తే స్లాగ్ ముందుకు పారి మూలలో చిక్కుకుంది.

కలవకపోవడానికి కారణాలు కొన్నే: కరెంట్ చాలలేదు, ఆర్క్ పొడవై రెండు అంచుల మధ్య దూకింది, రాడ్డు ఒకే ప్లేటు వైపు వాలింది. స్లాగ్ చిక్కడానికి కారణం ఎక్కువసార్లు రాడ్డు కోణమే, ఆర్క్ తోపుడు స్లాగ్‌ను వెనక్కి నెట్టేలా కోణం సర్దండి. విరిగిన ముక్కను పారేయకండి, దాని మీద నంబరు వేసి పెట్టుకోండి. వంద మాటల పాఠం కన్నా ఆ ముక్క ఎక్కువ చెబుతుంది. వంగి చదునైపోయినా విరగకపోతే ఇంకా మంచిది.

తర్వాత బట్ జాయింట్, అంటే రెండు ప్లేట్లను అంచుకు అంచు చేర్చి అతకడం. 6 మి.మీ. ప్లేట్ల అంచులు చెరో 30 డిగ్రీలు గ్రైండ్ చేసి, కింద 1.5 మి.మీ. ముక్కు (గ్రైండ్ చేయని నిటారు అంచు) వదిలి, 2.5 మి.మీ. సందుతో పాయింట్లు పెట్టండి. సందు సమంగా ఉండటానికి పూత రాల్చిన 2.5 రాడ్డునే మధ్యలో పెట్టొచ్చు. రూట్, అంటే అడుగు వరస, 2.5 రాడ్డుతో, పైన 3.15తో. ప్రతి వరస తర్వాత స్లాగ్ పూర్తిగా తీయాలి. వంపు పరీక్షకు 40 మి.మీ. వెడల్పు పట్టీలు కోసి, వెల్డ్ ఉబ్బును ప్లేటుకు సమంగా గ్రైండ్ చేసి, ఒకదాన్ని పై ముఖం బయటికి, ఇంకొకదాన్ని రూట్ బయటికి వచ్చేలా ఇంగ్లీషు యు ఆకారంలో వంచండి. ఎక్కడా 3 మి.మీ. మించిన పగులు తెరుచుకోకూడదు. గ్రైండింగ్ గీతలు పట్టీ పొడవున ఉండాలి, అడ్డంగా ఉంటే మంచి వెల్డ్ కూడా ఆ గీత దగ్గర చిట్లుతుంది. చల్లారడానికి నీళ్లలో ముంచకండి.

కింది నుంచి పైకి నిలువు వెల్డింగ్‌కు కరెంట్ 10 నుంచి 15 శాతం తగ్గించి, గడ్డకట్టే మడుగును అరుగులా వాడుకుంటూ పైకి వెళ్లాలి. మిగ్ మెషిన్‌కు ఇప్పుడు వెళ్లొచ్చు: 0.8 మి.మీ. తీగ, 3 మి.మీ. ప్లేటుకు 17 నుంచి 19 వోల్టులు, వాయువు నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు, తీగ బయటికి 10 మి.మీ. సెట్టింగ్ కుదిరితే వేడి నూనెలో నీటి చుక్కలు పడ్డట్టు సమంగా చిటపటమంటుంది. ఫ్యాను గాలి తగిలినా వాయువు చెదిరి బెజ్జాలు పడతాయి. మిగ్ టీ జాయింట్‌ను కూడా తప్పకుండా విరగ్గొట్టి చూడండి.

మొదటి వస్తువు: స్టూలు

25 × 25 × 2 మి.మీ. చదరపు పైపు, 450 మి.మీ. ఎత్తు, 300 × 300 పైభాగం. పై ఫ్రేమ్‌కు రెండు చివరలా 45 డిగ్రీలు కోసిన 300 మి.మీ. ముక్కలు 4. కాళ్లు 425 మి.మీ. ముక్కలు 4, ఎందుకంటే పైన ఫ్రేమ్ మందం 25 ఉంది. కాళ్ల మధ్య అడ్డ ముక్కలు 250 మి.మీ. 4, రెండు కాళ్ల మందం 50 తీసేశాక మిగిలేది అదే. మొత్తం 3,900 మి.మీ., వీల్ తినే 36 కలుపుకుంటే 3,936. 6 మీటర్ల పైపులో 2 మీటర్ల పైచిలుకు మిగులుతుంది. ఆ మిగిలినదాంట్లో ముందుగా రెండు ముక్కలు కోసి అతికి, కరెంట్ సరిచూసుకోండి. 2 మి.మీ. గోడకు 2.5 రాడ్డుతో 60 నుంచి 70 ఆంపియర్లు. బెజ్జం పడితే ఆర్క్ ఆపి, ఎరుపు తగ్గేదాకా ఆగి, అంచు మీద చిన్న చిన్న చుక్కలు పేరుస్తూ మూయండి.

పై ఫ్రేమ్‌ను చదునైన బల్ల మీద పేర్చి, ప్రతి మూలకూ ఒక్కో పాయింట్ పెట్టండి. ఇప్పుడు ఎదురెదురు మూలల కొలత తీయండి, రెండూ 424 మి.మీ. రావాలి. ఒకటి ఎక్కువుంటే ఆ మూల మీద మెల్లగా తట్టి సరిచేయండి. పాయింట్ల దశలో ఒక్క దెబ్బతో పోయే తప్పు, పూర్తి వెల్డ్ అయ్యాక ఫ్రేమ్ కోస్తేగానీ పోదు. కాళ్లు నిలిపి, మూలమట్టం రెండు పక్కలా పెట్టి చూసి పాయింట్లు పెట్టండి. అడ్డ ముక్కలు నేల నుంచి 120 మి.మీ. ఎత్తులో బిగించండి, సమానంగా కోసిన రెండు చెక్కముక్కలు ఆసరా పెడితే నాలుగూ ఒకే ఎత్తులో వస్తాయి.

అన్నీ పాయింట్లతో నిలిచాకే పూర్తి వెల్డ్. వెల్డ్ చల్లారుతూ కుదించుకుని ముక్కను తన వైపుకు లాగుతుంది, కాబట్టి ఒకే మూలను పూర్తిచేయకుండా, ఒక మూలలో ఒక వైపు వేసి దాని ఎదురు మూలకు వెళ్లండి. కాలు లోపలికి వాలడం మొదలైతే తర్వాతి బీడ్ దాని బయటి వైపు వేయండి. పైభాగం పలక ఆనే ముఖాన్ని మాత్రమే సమంగా గ్రైండ్ చేయండి. మిగతా అతుకుల్ని అందం కోసం రుద్దితే 2 మి.మీ. గోడ పలచబడుతుంది.

పూర్తయ్యాక స్టూలును బల్ల మీద నిలిపి మూలమూలకూ నొక్కి చూడండి. ఊగితే పొట్టి కాలు కింద సన్న రేకులు దోపుతూ ఊగడం ఆగేదాకా చూడండి. ఆ మందం 1 మి.మీ. లోపుంటే పొడవున్న కాళ్లను ఆకురాయితో తగ్గించండి. అంతకు మించితే ఫ్రేమ్ మెలిపడింది: రెండు ఎదురు మూలలు బల్లకు క్లాంపులతో బిగించి, ఎత్తున్న మూలను కొంచెం కొంచెంగా, ప్రతిసారీ వదిలి చూసుకుంటూ కిందికి వంచాలి. కాళ్ల అడుగున రబ్బరు టోపీలు తొడిగే ముందు పైపు లోపల చేరిన స్లాగ్ పొడి దులిపేయండి. వైర్ బ్రష్ చేసిన అతుకులు అదే రోజు ప్రైమర్ వేయకపోతే రాత్రి తేమకు మర్నాటికే ఎర్రబారతాయి.